ఎవేలియో తీసిన చిరుతపిల్లి

ముప్పై ఒక్కేళ్ళు రిజిస్ట్రారు ఆఫీసులో కాగితాల మీద ముద్రలు కొట్టి రిటైరైన ఎవేలియో ఓస్పీనాకి డాక్టరు చక్కెర జబ్బుందని చెప్పి, రోజూ ఓ గంట నడవమన్నాడు. ఉత్తినే నడిస్తే ఊళ్ళో వాళ్ళు పనిలేనివాడంటారని ఆయన బెంగ. అందుకని కెమెరా కొన్నాడు. మెడలో కెమెరా వేలాడుతుంటే పనీపాటా లేకపోవడానికి కూడా ఓ హోదా వస్తుంది కదా.

లా ఎస్పేరా కొండ నడుమన ఉన్న ఊరు. కింద కాఫీ తోటలు, పైన ఊరికి నీళ్ళిచ్చే ఊటల అడవి. తెల్లవారగానే బెల్లం నీళ్ళకి బదులు చప్పటి కాఫీ ఒక గుక్క తాగి, ఆ అడవి బాట పట్టేవాడు. మొదటి ఏడాది ఫోటోల్లో కొమ్మలు మహా స్పష్టంగా పడ్డాయి. వాటి మీది పిట్టలు మాత్రం అప్పుడే వెళ్ళిపోయి ఉండేవి. అయినా ప్రతి ఫోటోకీ తేదీ, వేళ, చోటు రాసి పెట్టేవాడు. ముద్ర ఒక్కటే తక్కువ. భార్య నూబియా బట్టలు కుడుతూనే ఓరకంట చూసి, ఖాళీ కొమ్మలకి ఇంత గౌరవం ఎక్కడా చూడలేదనేది.

ఏప్రిల్‌లో ఒక పొద్దున, దట్టమైన మంచులో, మచ్చలున్నదేదో బాటకి అడ్డంగా దూకింది. ఎవేలియో భయంతో బటన్ నొక్కేశాడు. ఫోటోలో మంచు, ఆకులు, మచ్చల వెనకభాగం ఒకటి, చివర వంకర తిరిగిన తోక పడ్డాయి. ఆ ఫోటోని ఊరి వాళ్ళందరి ఫోన్లకీ పంపాడు. మధ్యాహ్నానికల్లా అది చిరుతపిల్లి అని తేలిపోయింది. సాయంత్రానికి దాన్ని ఇదివరకే చూశామన్నవాళ్ళు ముగ్గురు బయల్దేరారు. అందులో ఒకాయన మోకాళ్ళ నొప్పులతో నాలుగేళ్ళుగా గడప దాటింది లేదు.

అప్పట్లో ఆ అడవి కొట్టేసి పైన్ చెట్లు వేస్తామని బయటి కంపెనీ ఒకటి తిరుగుతోంది. మేయరుకి ఎన్నికలు దగ్గర పడ్డాయి. చెట్లకి ఓట్లు లేవు గానీ, చిరుతపిల్లిని ముద్దు చేసే జనానికి ఉన్నాయి. వెంటనే పోస్టర్లు వేయించి, ఆ అడవి నోరులేని జీవి ఇల్లనీ, దాని జోలికెవరూ పోకూడదనీ ప్రకటించాడు. పోస్టరు కింద ఫోటో తీసినవారి పేరు ఎవేలియోకి బదులు ఎవారిస్తో అని పడింది.

ఆగస్టులో ఎవేలియో రొట్టెల కోసం ఫిదేలీనా కొట్టుకి వెళ్ళాడు. గోడ మీద చిరుతపిల్లి పోస్టరుంది. దాని కిందే, పిండి బస్తా మీద, మచ్చల పిల్లి ఒకటి వెనక్కి తిరిగి పడుకుని నిద్రపోతోంది. తోక చివర వంకర. ఆ తోకని ఆయన నాలుగు నెలలుగా రోజూ చూసుకుని మురుస్తున్నాడు. పొరపాటుపడే వీల్లేదు. తను తినకూడని తీపి రొట్టెలు నాలుగు కొనేసి, చిల్లర కూడా తీసుకోకుండా బయటపడ్డాడు.

అసలు కాపీకీ నకిలీకీ తేడా పట్టడమే బతుకంతా చేసిన మనిషికి అది తలకొట్టేసినట్టయింది. ఇక ఒకటే దారి కనిపించింది. నిజం చిరుతపిల్లిని పట్టి ఫోటో తీస్తే, ముందు చెప్పింది కూడా నిజమైపోతుంది. ఆ ఆశతో పదకొండు నెలలు, రోజుకి మూడేసి గంటలు నడిచాడు. చక్కెర తగ్గింది. చెయ్యి కుదురుకుంది, పిట్టలు కొమ్మల మీద నిలవడం మొదలెట్టాయి. గోరంత కప్ప దొరికింది, పెంకు ఒంటి ఆర్మడిల్లో దొరికింది. చిరుతపిల్లి మాత్రం దొరకలేదు.

చివరికి బడిలో జరిగిన ఊరి సమావేశంలో లేచి నిలబడి, రాసుకొచ్చిన కాగితంలోంచి జరిగిందంతా చదివాడు. వెనక బెంచీలోంచి ఫిదేలీనా నెమ్మదిగా అంది.

"ఎవేలియో గారూ, నా పిల్లిని నేను గుర్తుపట్టనా? మొదటిరోజే తెలుసు."

"మరి చెప్పలేదేమమ్మా?"

"ఊటలెండిపోతే నేను పిండి దేంతో కలపనయ్యా? దాన్ని చిరుతంటే చిరుతే అయ్యింది. దానికేం అభ్యంతరం లేదు, నాకూ లేదు."

ఊరి కమిటీ పెద్ద అర్నుల్ఫో ఈ విషయం ఇవాళ్టి చర్చల పట్టీలో లేదన్నాడు. పైన్ కంపెనీ జనవరి వానలకి రోడ్డు కొట్టుకుపోయి, లారీలు ఎక్కక, ఎప్పుడో మూటాముల్లె సర్దుకుందని కూడా చెప్పాడు. ఊరందరికీ తెలుసు. ఎవేలియోకే తెలీదు, అడవిలో అడవిని కాపాడుకుంటూ ఉన్నాడు కనక. సమావేశం పుస్తకంలో మాత్రం ఎవేలియో గారు జంతువుల గురించి మాట్లాడారని రాశారు. నిజం చెబితే ఉరి తీస్తారేమోనని తయారై వెళ్ళినవాడికి ఆ ఒక్క వాక్యం చాలా అవమానంగా తోచింది.

మర్నాడు పొద్దున్నే ఆయన బూట్లు తొడుక్కుంటుంటే నూబియా అడిగింది.

"ఇంకా ఎక్కడికయ్యా? అంతా అయిపోయిందిగా."

"డాక్టరు గంట నడవమన్నాడు."

ఆ గంట మూడు గంటలైంది. తిరిగొచ్చి, ఎవరికీ పంపకుండా, కెమెరా తెచ్చి కుట్టుమిషను మీద పెట్టాడు. కుసుంబో అనే పొడుగు ముక్కు అడవి జంతువు ఒకటి తోక నిలబెట్టి బాట దాటుతోంది, వెనక వరసగా పిల్లలు. ఐదున్నాయన్నాడు ఎవేలియో. నూబియా కళ్ళద్దాలు తీసి, తెరకి ముక్కు ఆనించి, చాలాసేపు చూసింది. తర్వాత ఆకుల చాటున ఒక చోట సూది మొన పెట్టి, ఇక్కడ ఆరోది కూడా ఉందంది.