ఒళ్లో పెరుగు గిన్నె

భాల్కి నుంచి బీదర్ వచ్చే బస్సులో, బీదర్‌లోనే ఉండే అక్కకు మెసేజి రాశాను. ‘ఇక మీ గడప తొక్కను.’ పంపడమే మిగిలింది. “పుస్తకాలు చదువుడే గాని, వీనికి ఒక్క పని చేతగాదు” అని ముందురోజు ఆమె అందరి ముందు అన్న మాట తలలో తిరుగుతూనే ఉంది. నా చదువు ఏడో తరగతిలో ఆగినా, లైబ్రరీలో మనసు గురించిన పుస్తకం ఒక్కటీ వదల్లేదు. కోపమొస్తే ఊపిరి లెక్కపెట్టమని వాటిలో రాశారు. లెక్కపెట్టాను. ఇరవై దాటేసరికి కోపం ఇంకా పెరిగింది.

అంతలో పక్కసీటు పెద్దమ్మ మూత పెట్టిన స్టీలు గిన్నెను నా ఒళ్లో పెట్టింది.

“జర పట్టుకో బిడ్డా. పొద్దుగాల తోడేసిన. కదిలితే పేరుకోదు. నా చేతులు వణుకుతున్నయి.”

“నేనా?”

“మరి డ్రైవరుకియ్యనా?”

ఫోను జేబులో వేసి గిన్నెను రెండు చేతులా పట్టుకున్నాను. ముందున్న రోడ్డునే చూస్తూ, గుంత వచ్చినప్పుడల్లా గిన్నెను కొంచెం పైకెత్తాను. ఆమె హాయిగా నిద్రపోయింది.

బీదర్ రాగానే మూత తీసి చూసింది. “మంచిగ పేరుకుంది. పని చేతనైనోనివే!”

గిన్నెను ఒంటిచేత్తో అందుకుని చకచకా దిగిపోయింది. ఆ చెయ్యి కొంచెం కూడా వణకలేదు.

మెసేజి తుడిచేసి అక్కకు ఫోన్ చేశాను.

“నిన్న జర ఎక్కువనే అన్న తమ్మీ. తిన్నవా?” అంది.

“లేదక్కా. బస్టాండుల ఉన్న, మీ ఇంటికే వస్తున్న. పెరుగు తేవాల్నా?”