ట్రేసర్ గారి నిండు గీత

మా ట్రేసర్ గారు పోయిన వార్త నాకు వాట్సాప్‌లో తెలిసింది. ధవళేశ్వరంలో గోదావరి గట్టు మీద పొద్దున్నే నడిచే పెద్దవాళ్ళందరికీ ఒక గ్రూపు ఉంది. ఆ రోజు ఉదయం ఆరింటికి నేను అందులో శనిగ్రహం ఫొటో ఒకటి పెట్టాను. వలయాల నీడ గ్రహం మీద పడుతున్న ఫొటో, రెండు రోజులు తంటాలు పడి తీసింది. పది నిమిషాలు తిరక్కుండా దాని కిందే వచ్చింది: 'మన ట్రేసర్ గారు తెల్లవారుజామున రాజమండ్రి ఆసుపత్రిలో కన్నుమూశారు.' నిజం చెప్పేస్తాను. నాకు ముందు వచ్చిన ఆలోచన, ఇక నా ఫొటో ఎవరూ చూడరు అని. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఇలాంటివాణ్ణి పట్టుకుని గట్టు మిత్రులు ఆయన గురించి నాలుగు మాటలు రాయమన్నారు. "మీకంటే దగ్గరివాళ్ళు ఎవరున్నారండి మాస్టారూ" అన్నారు. దగ్గరే. మాది ఎదురిల్లు. నేను హైస్కూల్లో ముప్పై రెండేళ్ళు ఫిజిక్స్ చెప్పాను. ఆయన ఇరిగేషన్ ఆఫీసులో ట్రేసరు. అంటే ఇంజనీర్లు వేసిన కాలువల ప్లాన్ల మీద పల్చటి కాగితం పరిచి, నల్లసిరాతో వాటిని మళ్ళీ అచ్చుగుద్దినట్టు గీసే ఉద్యోగం. చదువు పదో తరగతి. మరి ఆకాశం గురించి మాట్లాడవలసి వస్తే మా ఇద్దరిలో ఎవరు మాట్లాడాలో మీరే చెప్పండి.

పైగా ఈ ఫొటోలు తీసే సాఫ్ట్‌వేర్ ఆయనకి చూపించింది నేనే. కంప్యూటర్లో కూర్చుని అంతరిక్షమంతా తిరిగొచ్చే ఏర్పాటు అది. శాస్త్రజ్ఞులు కనిపెట్టిన నక్షత్రాల జాబితా అందులో ఉంటుంది. పేరు కొడితే అక్కడికి తీసుకుపోతుంది. కావాలంటే మనమే ఒక సూర్యుణ్ణి పుట్టించి, చుట్టూ గ్రహాలు పేర్చి, ఎదురుగా నిలబడి ఫొటో తీసుకోవచ్చు. రిటైరయ్యాక కాలక్షేపానికి పెట్టుకున్నాను. ఒక ఆదివారం ఆయన చర్చి నుంచి ఇంటికి వెళుతూ, "ఏంటండి మాస్టారూ, మీ కిటికీలోంచి ఏదో మెరుస్తోంది" అంటూ తెల్లచొక్కాతోనే లోపలికి వచ్చారు. గురుగ్రహం చూపించాను. వాళ్ళావిడ భోజనానికి కేకేసేదాకా కుర్చీలోంచి లేవలేదు. వెళ్ళేముందు మాత్రం ఒక ప్రశ్న అడిగారు.

"ఇందులో ఏవి నిజంగా ఉన్నవండి, ఏవి మనం పెట్టుకున్నవండి?"

"చూస్తే తెలియదు" అన్నాను.

"తెలియకపోతే ఎలాగండీ?" అన్నారు, ఏదో ప్లాన్లో తప్పు దొర్లినట్టు ముఖం పెట్టి.

నెల తిరక్కుండా ఆయనా ఒక కంప్యూటర్ సంపాదించారు, ఎవరో వాడి వదిలేసింది. మూడు నెలలు తిరక్కుండా గ్రూపులో ఆయన ఫొటోల కోసం జనం ఎదురుచూడటం మొదలుపెట్టారు. దారి చూపించింది నేను, బండి తోలుకుపోయింది ఆయన.

నా పద్ధతి వేరు. గ్రహం దగ్గరికి వెళ్ళానా, ఫొటో తీశానా, గ్రూపులో పడేశానా, అంతే. ఆయన ముందు దాని చుట్టూ తిరిగేవారు. "కాలువ గియ్యాలంటే ముందు గట్టు నడవాలండి" అనేవారు. సూర్యుడు గ్రహం అంచు వెనక నుంచి రవ్వంత తొంగిచూసే క్షణం కోసం మధ్యాహ్నమంతా అలాగే కూర్చునేవారు. పక్కన టీ చల్లారి తొరక కట్టేది. ఆ ఫొటో గ్రూపులో పడగానే దండాలూ, పువ్వులూ, చప్పట్లూ. నా ఫొటోలకి రెండు బొటనవేళ్ళు వచ్చేవి. అందులో ఒకటి రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ గారిది. చావు కబురుకి కూడా ఆయన బొటనవేలే పెడతారు.

ట్రేసర్ గారు పెట్టే ప్రతి ఫొటో కిందా ఒక గీత ఉండేది. అది ఆఫీసు అలవాటు. ప్లాన్లో తవ్వేసిన కాలువకి నిండు గీత గీస్తారు, తవ్వబోయే కాలువకి ముక్కల గీత. ఆయన ఆకాశానికీ అదే రూలు పెట్టారు. జాబితాలో ఉన్న నక్షత్రమైతే నిండు గీత. తన ఊహలోంచి పుట్టినదైతే ముక్కల గీత. ఫోన్ మీద వేలితోనే గీసేవారు, అయినా స్కేలు పెట్టి గీసినట్టు వచ్చేది.

"ఇంత అవసరమా అండీ?" అన్నాను ఒకసారి.

"చూసినవాళ్ళు మోసపోకూడదు కదండీ. ముక్కల గీత చూసి కాలువ వచ్చేసిందనుకుని నారు పోసేసిన రైతుని చూశానండి నేను. నీళ్ళు రాలేదు. ఆ మనిషి మొహం ఇప్పటికీ మర్చిపోలేనండి" అన్నారు.

గ్రూపంతా ఆ రూలు పట్టేసింది. నేనూ పాటించక తప్పలేదు.

ఊహల్లోనూ ఆయనకో పిచ్చి ఉండేది. ఎన్ని గ్రహాలు పేర్చినా, అన్నిటికంటే చివర, సూర్యుడికి ఆమడ దూరంలో ఉన్న గ్రహం మీదే సముద్రాలు పెట్టేవారు. నీలంగా, నిండుగా. "శివారు పొలం తడిస్తేనే కాలువ పారినట్టు లెక్కండి" అని సమర్థించుకునేవారు. ఒకరోజు నేను ఉండబట్టలేక గ్రూపులోనే పెద్ద పాఠం రాశాను. అంత దూరంలో వేడి ఉండదని, నీరంతా గడ్డకట్టి రాయిలా ఉంటుందని, తెలియనప్పుడు తెలిసినవాళ్ళని అడగాలని. ఆయన జవాబు ఒక్క వాక్యం: 'అందుకే ముక్కల గీత పెట్టానండి మాస్టారూ.' దానికి ఎన్ని నవ్వులు వచ్చాయో నేను ఇక్కడ చెప్పను. ఒళ్ళు మండి రెండు రోజులు గట్టుకి వెళ్ళలేదు. మూడో రోజు ఆయనే తలుపు కొట్టి, "మీరు లేకపోతే నడక సాగట్లేదండి" అంటూ పిలుచుకుపోయారు. ఆ మంచితనం కూడా నాకు గిట్టేది కాదు.

క్రిస్మస్‌కి ఇంటిముందు కాగితం నక్షత్రం కట్టి, దాని కింద బల్ల వేసి, చర్చి పిల్లలకి ఫొటోలు పంచేవారు. స్టూడియోలో ప్రింటు వేయించి, కింద తెల్ల అంచు మీద ఒక్కొక్కదానికీ నల్లసిరాతో గీత గీసినవి. పిల్లలు నన్ను తాతగారూ అని పిలిచేవారు. ఆయన్ని నక్షత్రాల తాతగారూ అనేవారు. ఫిజిక్స్ మాస్టారు మామూలు తాతగారు, ట్రేసర్ నక్షత్రాల తాతగారు. ఈ వయసులో ఇలాంటివి పట్టించుకోకూడదంటారు. నేను పట్టించుకున్నాను.

అసలు సంగతికి వస్తాను. మొన్న వేసవిలో నేను వారం రోజులు కూర్చుని ఒక సూర్యకుటుంబాన్ని తయారుచేశాను. ఇద్దరు సూర్యులు, ఒకడు నారింజరంగు, ఒకడు నీలం. మధ్యలో సన్నటి వలయం ఉన్న గ్రహం. వలయం మీద ఒకవైపు నారింజ వెలుగు, మరోవైపు నీలి వెలుగు. నా జన్మలో తీసిన మంచి ఫొటో అదొక్కటే. కింద గీత మొదలుపెట్టాను. ముక్కల గీతకి వేలు ఎత్తుతూ ఉండాలి. ఎత్తలేదు. ఈ చివర నుంచి ఆ చివరకి లాగేశాను. పైన నాలుగు అక్షరాలూ నాలుగు అంకెలూ కలిపి ఒక పేరు కూడా పెట్టేశాను.

ఊహ అని ఒప్పుకుంటే, ట్రేసర్ గారి ఊహల పక్కన నాది చిన్నదైపోతుందని నా భయం. నిజంగా ఉన్నదని చెబితే, అంత ఆకాశంలో దాన్ని వెతికి పట్టినవాణ్ణి నేనవుతాను.

గ్రూపు ఊగిపోయింది. పోస్ట్‌మాస్టర్ గారు బొటనవేలు మాని 'సూపర్ మాస్టారు' అని అక్షరాలు కొట్టారు. మర్నాడు తెల్లారేసరికి ట్రేసర్ గారు మా అరుగు మీద కూర్చుని ఉన్నారు. చేతిలో కాగితం, చెవి మీద పెన్సిలు.

"అబ్బ, ఏం పట్టారండి మాస్టారూ! ఎక్కడుందండి ఇది? నిన్నట్నుంచీ ఆ పేరు కొడుతున్నాను, నాకు రావట్లేదు."

"మీ కంప్యూటరు పాతది కదండీ. జాబితా కూడా పాతదై ఉంటుంది" అన్నాను.

"అదేనండి, అదే అయ్యుంటుంది" అన్నారు. ఆయన నన్ను చూసిన చూపు చెప్పాలి. అన్నేళ్ళలో ఎన్నడూ అలా చూడలేదు. నేను బడిలో పాఠం బాగా చెప్పిన రోజున ముందు బెంచీ పిల్లలు చూసే చూపు అది. ఆ చూపు కోసమే కదా ఇంత చేశాను. దాన్ని వదులుకోవడం నావల్ల కాలేదు.

నెల తర్వాత మళ్ళీ అడిగారు. ఆకాశాన్ని కాలువ ఆయకట్టులా భాగాలు చేసుకుని వరసగా వెతుకుతున్నానని, సగం అయిందని చెప్పారు. నేను మాట మార్చి చింతచిగురు ధర గురించి మాట్లాడాను. తర్వాత ఆయనకి ఆయాసం మొదలైంది. రాజమండ్రిలో చేర్చారు. చూడటానికి వెళితే, "ఊపిరితిత్తుల్లో నీరు చేరిందటండి. నీళ్ళ ఆఫీసువాణ్ణి కదా, వెతుక్కుంటూ వచ్చేశాయి" అని నవ్వారు. నవ్వు ఆగాక నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇంటికి వచ్చాక ఇద్దరం కూర్చుని వెతుకుదామండి దాన్ని. మీరు పక్కనుంటే దొరుకుతుంది."

అప్పుడు చెప్పి ఉండవచ్చు. నోటిదాకా వచ్చింది. ఇంతలో నర్సు వచ్చి చూసేవాళ్ళంతా బయటికి వెళ్ళాలంది. ఆమె రాకపోయినా నేను చెప్పేవాణ్ణి కానని నాకు తెలుసు.

సమాధి దగ్గర జనం బాగా వచ్చారు. ఆయన పంచిన ఫొటోలు పట్టుకుని చర్చి పిల్లలు వరసగా నిలబడ్డారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే, నేను పోయిన రోజున ఎవరు ఏం పట్టుకుని వస్తారా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. చనిపోయినవాడి మీద కూడా ఈర్ష్య పడవచ్చునని ఆ రోజు తెలుసుకున్నాను.

వాళ్ళింట్లో చర్చివాళ్ళు జరిపిన ఆదరణ ప్రార్థనల కూడిక అయిన మర్నాడు వాళ్ళావిడ నన్ను ఇంటికి పిలిచారు. ఒక ఆల్బమ్ చేతిలో పెట్టి, "ఇందులో మీదొకటి ఉందండి అన్నయ్యగారూ" అన్నారు. గబగబా తిప్పాను. అన్నీ ఆయన ఫొటోలే. ఇన్నేళ్ళలో నేను పెట్టినవి వందల్లో ఉంటాయి, వాటిలో ఆయన ప్రింటు వేయించి దాచుకున్నది ఒక్కటే. ఆఖరి పేజీలో ఉంది. ఇద్దరు సూర్యులు, సన్నటి వలయం, కింద ఆయన చేత్తో నల్లసిరాతో గీసిన నిండు గీత. మెచ్చుకున్నారన్నమాట! సిగ్గులేని గుండె ఒక్కసారి ఎగిరింది. ఫొటో బయటికి తీసి వెనక్కి తిప్పాను. పెన్సిలుతో, ప్లాన్ల మీద రాసే ఆ గుండ్రటి అక్షరాలతో ఇలా రాసి ఉంది:

'మాస్టారిది. ఆకాశం మొత్తం చూశాను. నాకు దొరకలేదు. మాస్టారు నిండు గీత గీశారు కాబట్టి ఉంది.'

రెండుసార్లు చదివాను. ఆవిడ మంచినీళ్ళు తెచ్చారు. "అది లేదు చెల్లెమ్మగారూ" అన్నాను. "అలాంటిది ఎక్కడా లేదు. నేను పుట్టించాను. ఉన్నదని గీత గీశాను."

ఆవిడ ఎదురుగా కూర్చుని ఆ గీతకేసి చూశారు. తర్వాత అన్నారు: "ఆఖరిదాకా ఆ కంప్యూటర్నే తిట్టుకున్నారండి ఆయన. నాకు చూడటం రావట్లేదు, మాస్టారిలా చదువుకోలేదు కదా అనేవారు."

నన్ను తిట్టినా బాగుండేది. ఆవిడ లేచి లోపలికి వెళ్ళి, ఆయన పెన్నుల డబ్బా తెచ్చారు. అందులోంచి సగానికి విరిచిన బ్లేడు తీసి ఫొటో మీద పెట్టారు. ఆ బ్లేడు నాకు తెలుసు. ఆఫీసులో సిరా గీత తప్పుపడితే దానితోనే గీకేవాణ్ణని ఆయన ఎన్నోసార్లు చెప్పారు. "ముక్కల్ని కలపడం ఎంతసేపండి, ఒక్క గీత లాగితే కాలువ అయిపోతుంది. నిండు గీతని ముక్కలు చెయ్యాలంటేనే బ్లేడు పట్టాలి. ఊపిరి బిగబట్టి గీకాలి" అనేవారు.

"ఆయనైతే తప్పు అలా ఉంచరు కదండీ" అన్నారు ఆవిడ.

ఫోన్లో ఉన్న అదే ఫొటోని ఈసారి ముక్కల గీతతో గ్రూపులో పెట్టి, జరిగింది జరిగినట్టు రాశాను. పోస్ట్‌మాస్టర్ గారు బొటనవేలు పెట్టారు. మిగిలినవాళ్ళు రెండు రోజుల తర్వాత గట్టు మీద కనిపించినప్పుడు, "ఆయన గురించి మీరే రాయాలండి" అని మళ్ళీ అన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆవిడ ఇచ్చిన ప్రింటు ఇప్పుడు నా ముందు బల్ల మీద ఉంది. నాలుగు రోజులుగా పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని కాస్త కాస్త గీకుతున్నాను. సగం గీత ముక్కలైంది, సగం ఇంకా నల్లగా, నిండుగా ఉంది. నా ముక్కలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒకచోట బ్లేడు లోతుగా దిగి కాగితం లేచిపోయింది. ఆయనైతే లేవనిచ్చేవారు కాదు.