వెనక సీటు కోసం చాంద్రాయణగుట్ట దాకా

నేను చాంద్రాయణగుట్టకు పోయింది ఊరు చూడటానికి కాదు. మా కారును కోసేస్తున్నారని కబురు వస్తే ఆపడానికి పోయాను. అయినా కార్వాన్ నుంచి అంత దూరం ఒంటరిగా పోవలసి వచ్చే నా ఈడు ఆడవాళ్ళు ఇంకా ఉంటారు గనక, దారి ఎట్లా ఉందో, అక్కడ ఏం జరిగిందో రాస్తున్నాను. నాది మూడో తరగతి చదువు. తప్పులుంటే సర్దుకొని చదవండి.

ముందు కారు సంగతి చెప్పాలి. నల్లది, నాలుగు తలుపులది, ఇంగ్లండులో తయారైన పాత బండి. మా ఆయన దాన్ని ఒక దొరల ఇంట్లో కొని, పెళ్ళికొడుకులను ఊరేగించడానికి కిరాయికి తిప్పేవాడు. ఆయన పోయాక అది మా బర్రెల కొట్టంలో నిలబడిపోయింది. మా కొడుకు యాదగిరి సర్కారు ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పనిచేస్తాడు. వాడే దాన్ని మళ్ళీ నడిపించాడు. నెలకోసారి నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి మహేశ్వరం తీసుకుపోయేవాడు. అక్కడ మా చెల్లె బాలమణి పక్షవాతం వచ్చి మంచంలో ఉంది. నాకు మోకాళ్ళు సరిగా వంగవు. ఒకసారి బస్సు మెట్టు మీద నుంచి జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. అప్పటి నుంచి బస్సు దగ్గరికి వస్తుంటేనే నాకు చెమటలు పడతాయి. ఆ వెనక సీటు ఉంటేనే నేను చెల్లెను చూడటం, లేకుంటే లేదు.

యాదగిరికి పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ళతో స్నేహం కలిసింది. ఆదివారం పొద్దున వాళ్ళంతా బండ్లను వరుసగా నిలబెట్టి, బానెట్లు ఎత్తిపెట్టి మాట్లాడుకుంటారు. వాళ్ళలో రెండు జట్లు. బండి కంపెనీ నుంచి ఎట్లా వచ్చిందో అట్లాగే ఉండాలి, బోల్టు మారినా బండి చచ్చినట్టే అంటుంది ఒక జట్టు. దానికి పెద్ద ఒక వకీలు. మా కారు లాంటిదే ఆయనకూ ఒకటి ఉంది. రెండో జట్టు వాళ్ళు పాత బండి పైభాగం కోసి పారేసి, కింద చట్రం, ఇంజను ఉంచుకొని, పైన రేకుతో రెండు సీట్ల తేలిక బండి కట్టుకుంటారు. కప్పు ఉండదు. దాన్ని స్పెషల్ అంటారు. వకీలు ఆ స్పెషళ్ళను ఆదివారం వరుసలోకి రానివ్వడు, గోడ అవతల నిలుపుకోమంటాడు. మావాడు ఆ గోడ అవతలి జట్టులో పడ్డాడు.

ఒకనాడు వకీలు మా ఇంటికి వచ్చి, నా చేతి చాయ్ తాగి, మా కారు తలుపు మీద చెయ్యి వేసి కళ్ళు తుడుచుకున్నాడు. "అమ్మా, దీన్ని కోసుడంటే కన్నతల్లి మెడ కోసుడే. నీ కొడుకును జర నువ్వే ఆపాలె" అన్నాడు. నేను ఆయన్ను నమ్మాను.

ఆ రోజు యాదగిరి బ్రేకులు చూపించుకొస్తానని పొద్దున్నే బండి తీసుకుపోయాడు. తర్వాత వకీలు మనిషి వచ్చి, చాంద్రాయణగుట్టలో ఖాజా భాయ్ షెడ్డులో ఇవాళే కోత, మీరు పోతేనే ఆగుతుంది అని చెప్పాడు. నేను బర్రెలకు నీళ్ళు పెట్టి, పొయ్యి ఆర్పి, తాళం వేసి బయలుదేరాను. సందు చివరి దాకా పోయాక పొయ్యి నిజంగా ఆరిందా లేదా అని మళ్ళీ వెనక్కి వచ్చి చూశాను. ఆరే ఉంది. ఈ తిరుగుడులో ఎంత పొద్దు పోయిందో అని దారంతా ఎండ వంక చూసుకుంటూ పోయాను.

బస్సు నాకు పనికిరాదు గనక రిక్షాలోనే పోయాను. పురానాపూల్ మీదుగా చార్మినార్ దాకా రెండు రూపాయలు. అక్కడ దిగి రిక్షా మారాలి, కార్వాన్ రిక్షావాళ్ళు అంతకు మించి రారు. శాలిబండ, అలియాబాద్, ఫలక్‌నుమా మీదుగా చాంద్రాయణగుట్టకు మూడున్నర అడిగారు, మూడుకు ఒప్పించాను. ఫలక్‌నుమా దగ్గర ఎత్తు వస్తుంది. అక్కడ దిగి నడవమంటారు, తెలిసి ఉండండి. రిక్షా తోసుకుంటూ రిక్షా అబ్బాయి నా ముఖం చూశాడు.

"ఏంది అమ్మా, గింత ఫికర్ జేస్తున్నవ్? దవఖానల ఎవలన్న ఉన్నరా?"

"లేదు బిడ్డా. మా కారును కోస్తున్నరంట."

అతను రిక్షా ఆపి మరీ నవ్వాడు. "కారున్నోళ్ళు నా రిక్షా ఎక్కిన్రు! ఇయ్యాల నా నసీబ్ మంచిగున్నది."

షెడ్డు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మా కారు తలుపులు నాలుగూ ఊడదీసి గోడకు ఆనించి ఉన్నాయి. వెనక సీటు బయట ఇటుకల మీద పెట్టి ఉంది. కప్పు అంచున, ఎక్కడ కోయాలో సుద్దతో గీత గీశారు. ఖాజా భాయ్ రంపం పట్టుకొని నిలబడ్డాడు. ఆయన రేకు పని మేస్త్రి.

"నువ్వెందుకొచ్చినవే అమ్మా? ఎవరు జెప్పిన్రు నీకు?" అన్నాడు యాదగిరి.

"బ్రేకులు గిట్లనే చూపిస్తరారా, తలుపులూడదీసి?"

వాడు నన్ను దగ్గరికి పిలిచి తలుపు బిగించే చోట రేకు వెనక ఉన్న కట్టెలో వేలు పెట్టాడు. పొడి రాలింది. "జూడు. లోపట కట్టె మొత్తం చెదలు తిన్నయ్. మళ్ళ అసలున్న లెక్కనే చేపియ్యాలంటే వకీల్ సాబ్ అసుంటోళ్ళకు నడుస్తది. నా జీతంల యాడైతది? బరువు దిగితే పెట్రోల్ గూడ తక్వ తాగుతది."

"అది తాగనీ, తాగకపోనీ. నేనేడ కూసోవాలె?"

"రెండు సీట్లల్ల ఒకటి నీదే."

షెడ్డులో అప్పటికే కట్టి ఉన్న ఆకుపచ్చ స్పెషల్ ఒకటి ఉంది. ఎక్కి చూడమన్నాడు. తలుపు కోసం వెతికాను. లేదు. మగవాళ్ళు గోడ దూకినట్టు కాలు ఎత్తి లోపల వేసుకోవాలట. స్టూలు వేశారు. చీర ఎత్తిపట్టి ఒక కాలు లోపల పెట్టాను. రెండోది లేవలేదు. మొదటిది వెనక్కి రాలేదు. అట్లా సగం బండిలో, సగం స్టూలు మీద ఉండిపోయాను. ఖాజా భాయ్ గోడ వైపు తిరిగి నిలబడి భార్యను కేకేశాడు. ఆమె పరుగున వచ్చి నన్ను నడుం పట్టి దింపింది.

"యా అల్లా! ముసలామెను గోడెక్కిస్తరా? మీకు అమ్మలు లేరా?" అని మగవాళ్ళిద్దరినీ కడిగేసింది.

"నన్నెందుకు తిడ్తవ్? నేను మంగలోని లెక్క. కుర్చీల ఎవడు కూసుంటే వాని జుట్టు కోస్త, వద్దంటే బంద్ చేస్త" అన్నాడు ఖాజా భాయ్.

"అయితే వద్దు భాయ్. బంద్ చెయ్యి" అన్నాను.

ఆయన రంపం కింద పెట్టాడు.  నేను అట్లా ఇరుక్కుపోవడం చూశాక యాదగిరి ముఖం మారింది. "జర ఆగుదాం భాయ్. తలుపులు మళ్ళ బిగిస్తే ఎట్లుంటదో జూద్దాం" అని మెల్లగా అన్నాడు. నాకు పోయిన ప్రాణం తిరిగి వచ్చింది.

సరిగ్గా అప్పుడే వకీలు తన కారులో వచ్చి దిగాడు. ఇంకేం, గెలిచామనుకున్నాను.

"ఈడనే ఉన్నరా మన రేకు డబ్బాల దొరలు! ఊర్ల అసలు బండ్లు ఎన్ని మిగిలినయ్‌రా? నువ్వొకటి కోస్తివి, ఇంకోడు ఇంకోటి కోస్తడు. రేపు మీ పిల్లలకు ఏం జూపిస్తరు?" అని వకీలు దిగుతూనే అరిచాడు.

"మీ లెక్క పైసలుంటే నేను గూడ అద్దాలు తుడ్సుకుంట కూసుంటుంటి సాబ్. మా బాపు బండి, నా ఇష్టం."

"మీ బాపు ఉంటే నిన్ను చెప్పుతోని కొడ్తుండె."

ఆ మాటతో అంతా అయిపోయింది. యాదగిరి తానే రంపం తీసి ఖాజా భాయ్ చేతిలో పెట్టాడు. నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు. లొల్లి వీధి దాకా వినిపించింది. ఖాజా భాయ్ భార్య చాయ్ తెచ్చింది. చాయ్ తాగుతూ వకీలు గోడకు ఆనించిన తలుపుల దగ్గరికి పోయి, గొళ్ళేలు తిప్పి చూశాడు. సీటు దగ్గర కూర్చొని తోలు నిమిరాడు.

"ఎట్లన్న కోస్తనే ఉన్నవ్ గద" అన్నాడు, గొంతు తగ్గించి. "ఈ తలుపులు, ఈ సీటు నాకియ్యి. నా బండి తలుపులు తుప్పు వట్టినయ్, సీటు ఎలుకలు కొట్టినయ్. అసలు సామాను యాడ దొరుకుత లేదు."

"మరి నా స్పెషల్‌ను ఆదివారం లైన్ల పెట్టనిస్తరా?"

వకీలు సీటు మీది దుమ్ము చేత్తో దులిపాడు. "చివర్ల పెట్టుకో."

ఎన్నో నెలల కొట్లాట అట్లా ఒక్క చాయ్‌తో తీరిపోయింది. వకీలు డిక్కీ తెరిచాడు. లోపల గోనెసంచులు, తాడు ఉన్నాయి. ఇంటి నుంచే తెచ్చుకున్నాడు. నా మాటకు కోత ఆగితే ఆగనీ, ఆగకుంటే సామాను దక్కుతుందని రెండింటికీ సిద్ధమై వచ్చాడు.

"మరి నేను మహేశ్వరం ఎట్ల పోవాలె?" అని అడిగాను.

యాదగిరి నా వైపు చూడలేదు. "జూద్దాం తియ్యే అమ్మా."

"బస్సులు మస్తున్నయ్ గద అమ్మా" అన్నాడు వకీలు. తర్వాత ఏమనిపించిందో, "రా, నా బండిల ఇంటి కాడ దింపుత" అన్నాడు. మా సీటును తన బండి లోపల, వెనక భాగంలో వేసి కట్టుకొని, దాని మీదే కూర్చోమని చెయ్యి చూపించాడు. నేను ఎక్కలేదు. వెనక రంపం మొదలైంది. ఆ చప్పుడు రోడ్డు మలుపు దాకా వినపడింది. మళ్ళీ రెండు రిక్షాలు మారి పొద్దుగూకేసరికి ఇల్లు చేరాను.

ఇప్పుడు మావాడి ఎర్ర స్పెషల్ ఆదివారం వరుసలో చివర నిలబడుతుంది. దాన్ని చూడటానికి జనం గుమిగూడతారట. వకీలు బండిని కూడా అందరూ మెచ్చుకుంటారట, తలుపులతో సహా అంతా అసలుదేనని. ఇద్దరి ముచ్చటా తీరింది, నాకు సంతోషమే అనుకోవాలి. బండికి ఏం కావాలో ఇద్దరూ ఎంతో కొట్లాడారు. అందులో ఎవరు కూర్చుంటారన్నది వాళ్ళ కొట్లాటలో ఏ వైపూ లేదు. బాలమణికి మాట పడిపోయింది, కళ్ళు మాత్రం తలుపు వైపే ఉంటాయని మహేశ్వరం నుంచి వచ్చేవాళ్ళు చెబుతారు. నాకు రాత్రి నిద్ర పట్టదు.

మహేశ్వరం పోవాలనుకునే పెద్దవాళ్ళకు ఒక్క మాట. దారిలో చెయ్యెత్తి బస్సు ఎక్కకండి, అది పూర్తిగా ఆగదు. బయలుదేరే చోటికే పోయి, ఖాళీగా నిలబడి ఉన్నప్పుడే మెల్లగా ఎక్కి, డ్రైవరు వెనక సీట్లో కూర్చోండి. ఎక్కడ దిగాలో కండక్టరుకు ముందే చెప్పి పెట్టుకోండి. ఇది పోయి వచ్చిన పక్కింటామె చెప్పిన సంగతి. నేనింకా పోలేదు.