ఆడగుర్రం ఎక్కినవాడు

బుద్ధెరిగిన నాటి నుంచీ నికనోర్ ఆడగుర్రం ఎక్కి ఎరగడు. అందులో గొప్పేముందని అడిగేవాళ్ళు ఆ నేల మనుషులు కారు. న్యూయేసెస్ నదికీ రియో గ్రాందేకీ మధ్య, తుమ్మలూ నాగజెముడూ తప్ప మరో నీడ లేని దేశంలో, పశువుల్ని తోలే వకేరో ఆడగుర్రం ఎక్కితే చేతికి గాజులు తొడుక్కున్నట్టే. ఉత్తరాది తెల్లవాళ్ళు వచ్చి పగ్గం విసరడం, దాన్ని జీను కొమ్ముకు చుట్టడం, ముళ్ళు గుచ్చుకోకుండా కాళ్ళకు తోలు కట్టుకోవడం వీళ్ళ దగ్గరే నేర్చుకుని, అంతా తమ సొత్తేనని చాటుకున్నారు. ఈ దిక్కుమాలిన పట్టింపును కూడా మోసుకుపోయారులెండి, నాకదే తృప్తి.

నికనోర్ తండ్రి గుర్రాలు మచ్చిక చేసి బతికాడు, గుర్రం కింద పడే పోయాడు. కొడుకు ఒళ్ళు దాచుకోకుండా పనిచేసి వకేరోల గుంపుకి పెద్ద అయ్యాడు. పెళ్ళాం తమ్ముడు లాసరోని చేరదీసి పని నేర్పాడు. వాడికి పనితోపాటు నోరూ బాగా వచ్చింది.

ఆ ఉదయం నికనోర్ గుర్రం కుంటింది. మిగతావాళ్ళంతా ఏటి అవతలికి పోయారు. లాసరో ఒక్కడే, అడవిపట్టిన ఆంబోతు జాడ చూసి తుమ్మల్లోకి దూరాడు. కాసేపటికి అటునుంచి కేక వినబడింది.

"బావా! గుర్రాన్ని పొడిచేసింది! నా కాలు గుర్రం కింద ఇరుక్కుంది, రా!"

నికనోర్ కాఫీ పారబోసి లేచాడు. విడి గుర్రాలన్నీ దూరంగా మేస్తున్నాయి. వాటిని ఉచ్చువేసి పట్టేసరికి అక్కడ పని అయిపోతుంది. వంటబండికి కట్టేసి ఉన్నది ఒక్కటే, మెడలో గంటున్న ముసలి ఆడగుర్రం. గుర్రాల మంద దాని గంట వెనకే నడుస్తుంది. దాన్ని ఎవరూ ఎక్కరు.

"చూస్తావేంరా? ఎక్కు!" అన్నాడు వంటవాడు తీబుర్సియో.

"దాన్నా?"

"కాదు, నన్నెక్కు! అక్కడ నీ బామ్మర్ది చస్తుంటే సిగ్గుపడతావేంరా!"

నికనోర్ వినలేదు. పగ్గం భుజాన వేసుకుని పరుగెత్తాడు. ఎత్తుమడమల బూట్లు ఇసుకలో కూరుకుపోయాయి, ముళ్ళు చొక్కా పట్టి లాగాయి. గుర్రం దిగిన వకేరో ఒడ్డున పడ్డ చేప. సగం దూరం కూడా పోకముందే రెండో కేక వచ్చింది. అందులో మాటలు లేవు.

అప్పుడు వెనక్కి, బండి దగ్గరికి పరుగెత్తాడు. అలా పోయి రావడంలో ఎంత కాలం పోయిందో ఆ తర్వాత బతికినన్నాళ్ళూ తలచుకుని కుమిలాడు. జీను కూడా వెయ్యకుండా ఆడగుర్రం ఎక్కి, మడమలతో డొక్కల్లో పొడిచాడు. గంట గణగణా మోగింది. ఆ మోత వినగానే మేస్తున్న మంద తలలెత్తి, కంచెలు తెగినట్టు వెంటపడింది. తుమ్మలు విరుచుకుంటూ గుర్రాలన్నీ ఒక్కుమ్మడిగా వచ్చి పడేసరికి, మూడోసారి పొడవబోతున్న ఆంబోతు బెదిరి ముళ్ళలోకి పారిపోయింది.

లాసరో బతికే ఉన్నాడు. వాడి మోకాలు మాత్రం మోకాలుగా లేదు.

వంటబండిలో పడుకోబెట్టి నికనోర్ తోలుతుంటే లాసరో పళ్ళ మధ్యనుంచి అన్నాడు: "మొదటిసారి గుర్రాన్నే పొడిచింది బావా. నా కాలికి ఏమీ కాలేదు. రెండోసారి వచ్చినప్పుడే... ఏం, అంత ఆలస్యమైంది?"

అబద్ధం చెప్పొచ్చు. తీబుర్సియో నోరు మూసుకునే ఉండేవాడు. కానీ నికనోర్ నోట అది రాలేదు.

"ఆడగుర్రం ఎక్కడానికి సిగ్గేసిందిరా. ముందు కాళ్ళమీదే పరుగెత్తాను."

లాసరో తిడతాడని, కనీసం మొహం తిప్పుకుంటాడని నికనోర్ కాచుకుని ఉన్నాడు.

"నేనైతే అసలు ఎక్కేవాణ్ణే కాదు బావా," అన్నాడు లాసరో. "నువ్వు చచ్చిపోయుండేవాడివి."

నికనోర్ పగ్గాలు తీబుర్సియో చేతిలో పెట్టి, బండి దిగి, దాని వెనకే ఏడుస్తూ నడిచాడు.