నయోమి పాటలో ఆగిన చోటు

మా నిడదవోలు సందులో సంగీతం చెప్పే నయోమికి మతిమరుపొచ్చిందని పుకారు. పిల్లల్ని పాఠాలు మాన్పించేస్తున్నారు కూడా. అది అబద్ధమండీ.

నయోమి వాళ్లు యూదులు. శుక్రవారం పొద్దుగూకే ముందు దీపాలు వెలిగించి, దావీదు కీర్తనని హీబ్రూలోనే, మన కల్యాణి రాగంలో మొగుడూ పెళ్లాం పాడుకునేవారు. కిందటి వేసవిలో భర్త సాదోకు పోయాడు. అప్పట్నుంచి ఒక్కతే పాడుతోంది. చరణం అవగానే ఆగుతుంది, కాసేపటికి మళ్లీ ఎత్తుకుంటుంది.

నా నోరు ఊరుకోదుగా! మొన్న పాటయ్యాక గోడ మీంచే అడిగేశాను.

"ఏమే నయోమీ, మధ్యమధ్య ఆగుతావేంటే? మర్చిపోతున్నావా? ఊరంతా అదే కూత!"

"మర్చిపోలేదు పిన్నిగారూ. ఒక చరణం నాది, తర్వాతది ఆయనది. ఆయన వంతు అయ్యేదాకా ఆగుతున్నానండి."