కండక్టర్ గారి పడక

కండక్టర్ గారు రిటైరై పదేళ్ళు దాటినా ఇంకా బస్సు దిగలేదు. ఇంట్లో ఎవరైనా గుమ్మంలో నిలబడితే చాలు, "లోపలికి జరగండి, వెనక బోలెడు ఖాళీ" అనేవారు. వెనక ఉన్నది గోడ.

మోకాళ్ళు మొరాయించి ఆయన స్నానాలగదిలో రెండుసార్లు జారిపడ్డాక కూతురికి బెంగ పట్టుకుంది. పొద్దున్నే ఆమె బట్టలకొట్టులో పనికి పోతే సాయంత్రందాకా ఆయన్ని చూసే దిక్కు లేదు. ఊళ్ళో వృద్ధాశ్రమం ఒక్కటే, అందులో ఖాళీ పడకా ఒక్కటే. అది దొరక్కపోతే రెండు బస్సులు మారి వెళ్ళే ఊళ్ళో చేరాలి. అక్కడ కూతురి మొహం చూడటం గగనమే. ఆ మాట తలుచుకుంటేనే పెద్దాయనకు ఏడుపొచ్చేది.

ఆశ్రమం మేనేజరమ్మది ఒకటే పద్ధతి: ముందు ఎవరి సంచి పడక మీద పడితే పడక వాళ్ళది. కూతురు పరుగున వెళ్ళి సంచి పెట్టి, తండ్రిని పక్కనే కూర్చోబెట్టి, మేనేజరమ్మను పిలవడానికి వెళ్ళింది.

అంతలో ఓ ముసలమ్మ మేనల్లుడి చెయ్యి పట్టుకుని వచ్చి నిలబడింది. నిలబడ్డ ఆడమనిషిని చూడగానే కండక్టర్ గారి బుద్ధి ఏ గడ్డి మేయడానికి పోయిందో గానీ, దిగ్గున లేచారు. "ఎవరిదండీ ఈ సంచి? సంచి పెడితే సీటు మీదైపోతుందా?" అంటూ తన సంచి తనే కింద పడేసి, "కూర్చోండమ్మా" అన్నారు. ఆవిడ కూర్చోలేదు. ఏకంగా తన సంచి తలకింద పెట్టుకుని పడుకుని గురక పెట్టింది.

కూతురు వచ్చి నెత్తి కొట్టుకుంది. "నాన్నా! ఇది బస్సు కాదు!"

అప్పటికి గానీ ఆయనకు తెలివి రాలేదు. "ఇప్పుడు నన్ను ఆ ఊరు పంపించేస్తావా తల్లీ?" అంటూ కింద పడ్డ సంచి ఎత్తుకున్నారు. కూతురు ముసలమ్మను లేపుతానంటే మాత్రం ఆయన ఒప్పుకోలేదు.

మేనేజరమ్మకు నవ్వాగలేదు. "పడకలు లేవు గానీ కుర్చీలకేం కొదవ? పగలు ఇక్కడుంచి, సాయంత్రం తీసుకెళ్ళమ్మా," అంది.

అది మొదలు ఆయన రోజూ వెళ్ళి, ముసలివాళ్ళందర్నీ "జరగండి, జరగండి" అని ఒకే బల్ల దగ్గర ఇరికించి, తిట్లు తిని, కూతురితో ఇల్లు చేరేవారు. మందు ఎగ్గొట్టారనీ, కళ్ళజోడు మరిచారనీ ఆమె దారిపొడుగునా సాధించేది.

కొన్నాళ్ళకు ఒకాయన కొడుకు దగ్గరికి వెళ్ళిపోతే పడక ఖాళీ అయింది. మేనేజరమ్మ పిలిచి చెబితే కూతురు, "ఇంకెవరికైనా ఇచ్చేయండి," అంది.

"అదేంటమ్మా, నీకూ కాస్త సుఖంగా ఉంటుందిగా?" అన్నారు కండక్టర్ గారు బిత్తరపోయి.

"ఉంటుంది," అంది ఆమె, వంగి ఆయన కాళ్ళకు చెప్పులు తొడుగుతూ. "సాయంత్రాలు నేనెవర్ని తిట్టుకోవాలి మరి?"