మెతుకులతో అంటించిన పేర్లు

నా పేరు ఎక్కడైనా అచ్చులో కనిపిస్తే నాకు గుండె దడ. పదిమందిలో ఎవరైనా "ఆ పరిశోధన పేపర్ మీదే కదా" అని మెచ్చుకుంటే నవ్వి తల దించుకుంటాను. వినయం అనుకుంటారు. వినయం కాదు. ఎన్నో ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మీకు నేనెవరో తెలియదు కాబట్టి మీ ముందు దించుతున్నాను.

మాది జమ్మికుంట. ఎనభైల మొదట్లో హైదరాబాద్‌లో అణుజీవశాస్త్రంలో పరిశోధన చేసేదాన్ని. సికిల్ సెల్ అని ఒక రక్తపు జబ్బు ఉంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండు వైపులా చెడ్డ జీన్ వస్తే, కీళ్ల నొప్పులతో మనిషి నలిగిపోతాడు. ఆ జీన్ కోసం ఆదిలాబాద్ అడవుల్లోని గోండు గూడేలకు వెళ్లి రక్తం తెచ్చేదాన్ని.

ఉట్నూరు అవతల ఒక గూడెంలో, చివరి ఇంట్లో, ఇద్దరు అక్కచెల్లెళ్లు. పెద్దది సోంబాయి, మోకాళ్లు పట్టుకుని మూలన కూర్చునేది. చిన్నది లచ్చుబాయి, కాలు నిలవకుండా గంతులేసేది. ఇద్దరి రక్తమూ తీశాను. ట్యూబుల మీద పేర్ల చీటీలు అంటించబోతే జిగురు అయిపోయింది. వాళ్ల అవ్వ గిన్నెలోంచి ఇన్ని అన్నం మెతుకులు తెచ్చిచ్చింది. మెదిపి అంటించాను. మా ఇంట్లో కవర్లన్నీ అలాగే అంటించేవాళ్లం.

మర్నాడు ఐస్ పెట్టెతో బస్సెక్కాను. గోదావరి దాటి ధర్మపురి రాగానే దిగిపోయాను. స్నానం చేయకుండా, నరసింహస్వామిని చూడకుండా ఆ ఊరు దాటిపోవడం మా ఇంటావంటా లేదు. రక్తమున్న పెట్టెను గుడిలోకి తీసుకెళ్లడానికి మాత్రం మనసొప్పలేదు. మైల కదా! ఇంత చదివినదానికి మైల ఏమిటి? ఆ ప్రశ్న అప్పుడు రాలేదు. పెట్టెను మెట్ల మీద, పూలమ్మే ఆమె పక్కన పెట్టాను. దర్శనమయ్యాక గోదావరి నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. ఎండ, నీళ్ల తళతళ, ఎవరో తల నిమురుతున్నట్టు మగత. ఎంతసేపో తెలియదు. అంత హాయిగా మళ్లీ ఎప్పుడూ కూర్చోలేదు.

పెట్టె తెరిస్తే ఐసంతా నీళ్లు. జిగురుతో అంటించిన చీటీలు నిలిచాయి. మెతుకులతో అంటించిన రెండూ ఊడి తేలుతున్నాయి. ఏ ట్యూబు ఎవరిదో పోల్చుకోలేక, తోచినట్టు అంటించేశాను. వెనక్కి వెళ్తే ఒక్క రోజు ప్రయాణం. ఎందుకు వెళ్లలేదు? గుడి దగ్గర కూర్చుని ఐస్ కరగబెట్టానని నా పరిశోధన చూసే మా గైడ్‌తో చెప్పాలంటే సిగ్గు. అంత చిన్న సిగ్గు!

పరీక్షలో వింత తేలింది. రెండు చెడ్డ జీన్లూ లచ్చుబాయి పేరున్న ట్యూబులో ఉన్నాయి. సోంబాయిది శుభ్రం. పేర్లు తారుమారయ్యాయని చూడగానే అర్థమైంది. కానీ మా గైడ్ ముఖం వెలిగిపోయింది. జబ్బు జీన్లు ఉండి కూడా జబ్బు లేని పిల్ల! ఆమెను కాపాడేదేదో ఆ రక్తంలోనే ఉండాలి! నోటిదాకా వచ్చిన మాట మింగేశాను.

పేపర్ అచ్చుకు పంపాక, ఫలితాలు చెప్పడానికి ఆ గూడెం వెళ్లాను. అప్పుడైనా మళ్లీ రక్తం తీయవచ్చు. సూది నా సంచిలోనే ఉంది.

"డాక్టర్ బాయీ, పెద్దదాని రక్తంల ఏం తేలింది?" అని వాళ్ల అవ్వ అడిగింది.

"ఏం లేదవ్వా, మంచిగనే ఉన్నది. ఫికర్ జెయ్యకు."

"గట్లయితే మోకాళ్లెందుకు నొస్తున్నయి?"

నేను సంచిని దగ్గరికి లాక్కున్నాను. అవ్వ మూలకు తిరిగింది.

"ఇన్నవానే? నీకేం రోగం లేదంట. పనిదొంగా! లే, పత్తి ఏర నడువు."

సోంబాయి ఏడవలేదు. నా వైపు చూసింది. గోడ పట్టుకుని మెల్లగా లేచి వాకిలి దాటింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. తన ఒళ్లు తనకే అబద్ధం చెబుతోందేమోనన్న అనుమానం ఉంది. నేను పెట్టిన అనుమానం.

ఎవరి పేపర్‌ను ఎవరు ఉటంకించారో చూపే లావుపాటి పుస్తకం లైబ్రరీకి వచ్చేది. ఏటేటా నా పేరు కింద వరసలు పెరిగేవి. చూసుకుని మురిసిపోయేదాన్ని. అవును, తెలిసే మురిసిపోయాను. లేని ఆ రక్షణ కోసం ఎక్కడెక్కడో ఎవరెవరో ఏళ్ల తరబడి వెతికారు. నాకు మాత్రం కుర్చీ మీద కుర్చీ వచ్చింది. ఇప్పుడు మధ్యాహ్నం కునుకు పడితే పత్తిచేను కనిపిస్తుంది. తెల్లగా, ఎంతకీ అంచు రాని చేను. అందులో సోంబాయి కుంటుతూ వెళ్తుంటుంది.

ఆమె ఉందో లేదో తెలియదు. తెలుసుకోలేదు, అదే సరైన మాట. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. ఆ ఇంట్లో అనాల్సిన మాట ఒక్కసారి అనాలి, అంతే. సోంబాయి పనిదొంగ కాదు. ఆమె నొప్పి నిజం. నాకు ఆ రోజే తెలుసు.